మనం దిగిపోయిన బస్సు

పోయిన వేసవిలో ఒక ఆదివారం దివ్యబలిపూజ ముగిసి జనం గుడి బయటికి వచ్చేసరికి, వేపచెట్టు కింద ఒక కొత్త కారు నిలబడి ఉంది. ముందు అద్దం మీద బంతిపూల దండ, అద్దానికి లోపల వేలాడే చిన్న జపమాల. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న కుర్రవాడు తల్లిదండ్రులను చూడ్డానికి దాన్ని తోలుకొని వచ్చాడు. విచారణ గురువులు తీర్థజలం చల్లి, ప్రార్థన చెప్పి ఆశీర్వదించారు. ఈ బండిలో ప్రయాణించే వారికి ఏ ఆపదా కలగకూడదని వేడుకొన్నారు. అందరం ఆమెన్ అన్నాము. పిల్లలు కారు చుట్టూ మూగి తలుపు మీద చేయివేసి చూసుకొంటున్నారు.

ఆ కుర్రవాడి తండ్రిని నేనెరుగుదును. పాతికేళ్ల కిందట ఇంటికి తాళం వేసి, ముసలివాళ్లను ఊళ్లో వదిలి, మూట నెత్తిన పెట్టుకొని గుంటూరు వైపు మిరపకాయల కోతకు సుగ్గికి పోయిన మనిషి. కుర్రవాడు నా దగ్గరే నాలుగో తరగతి చదివాడు. సుగ్గి రోజులొస్తే రెండు మూడు నెలలు బడిలో వాడి జాగా ఖాళీ. అటువంటి ఇంటికి కారు వచ్చింది. ఆ తండ్రి భుజం మీది టవలు తీసి కారు అద్దం తుడుస్తుంటే నా కళ్లు చెమర్చాయి. ఆ సంతోషాన్ని తప్పు పట్టడానికి ఈ నాలుగు మాటలు రాయడం లేదని పాఠకులకు ముందే మనవి చేస్తున్నాను.

అయితే ఇంటికి నడిచి వస్తుంటే ఒక ప్రశ్న వెంటపడింది. బండి లోపల కూర్చున్నవారి కోసం మనం ప్రార్థించాము. మంచిదే. ఆ బండికి ఎదురుగా నడిచే వాడి కోసం ఎవరు ప్రార్థిస్తారు? సైకిలు మీద వచ్చే వాడి కోసం? ఆ కారు వెనుక దుమ్ములో బస్సు కోసం కాచుకొన్న ముసలమ్మ కోసం? నేను ఏ బండిలో తిరగాలన్నది నా ఇష్టం, నా డబ్బు, నా ఇంటి సంగతి అని మనం అనుకొంటాము. నిజంగా అది నా ఒక్కడి సంగతేనా? ఈ వారం నేను మీ ముందు పెట్టదలచుకొన్న ప్రశ్న ఇదే.

మన కోసిగి ప్రాంతం పుట్టినప్పటినుంచీ ప్రయాణాల ప్రాంతం. వాన పడితే పంట, పడకపోతే రైలు. మద్రాసు నుంచి వచ్చిన రైలు మార్గమూ, బొంబాయి నుంచి వచ్చిన రైలు మార్గమూ 1871లో రాయచూరు దగ్గర కలిశాయి. ఆ దారిలోనే ఆదోని, కోసిగి స్టేషన్లున్నాయి. నూటయాభై ఏళ్లకు పైగా ఈ పట్టాలు మన పత్తిని, మన మనుషులను మోస్తున్నాయి. పత్తి ధర పెరిగినా తగ్గినా మనుషులు మాత్రం పోతూనే ఉన్నారు. బెంగళూరుకు, హైదరాబాదుకు, బొంబాయికి, గుంటూరు మిరప చేలకు. శ్రావణ మాసంలో ఉరుకుంద ఈరన్న దర్శనానికి కర్ణాటక నుంచి వచ్చే జనమంతా ఈ దారుల్లోనే వస్తారు. రైలు లేని ఎమ్మిగనూరుకు బస్సే దిక్కు. పొలాలకు కూలీలను తీసుకుపోయేది ఆటో. అందులో ఎంతమంది పడతారో మీకు తెలుసు, ఎంతమందిని ఎక్కిస్తారో కూడా తెలుసు.

ఇటువంటి చోట నిలబడి కార్లు తగ్గించండి అని చెప్పడం, తిండి లేనివాడికి ఉపవాసం గురించి ప్రసంగం చేసినట్టు ఉంటుంది. 2019-21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో నూటికి ఎనిమిది ఇళ్లలో మాత్రమే కారు ఉంది. సుమారు సగం ఇళ్లలో మోటారు సైకిలో స్కూటరో ఉంది. అంతే మేర ఇళ్లలో సైకిలుంది. కారు లేని తొంభై రెండు ఇళ్లవాళ్లకు కార్ల గురించి నీతి చెప్పడం ఎందుకు? నేనూ ఇలాగే అనుకొనేవాణ్ణి. ఒక అవ్వ అన్న మాట వినేదాకా.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను బడికి ఉదయం ఎనిమిది గంటల బస్సులోనే పోయేవాణ్ణి. నాతోపాటు మరో ఇద్దరు టీచర్లు, ఒక నర్సమ్మ, పోస్టాఫీసు ఆయన, ఆదోనిలో చదివే పిల్లలు పది పదిహేను మంది. బస్సు ఆలస్యమైతే మేమందరం గొడవ చేసేవాళ్లం. ఒకసారి సంతకాలు పెట్టి కాగితం కూడా పంపించాము. నాలుగు రోజుల్లో బస్సు వేళకు రావడం మొదలుపెట్టింది. తర్వాత నేను బండి కొన్నాను. సొంతగా మోటారు సైకిలు మీద పోతే అరగంట కలిసొస్తుంది, ఎవరి కోసమూ కాచుకోనక్కరలేదు. నన్ను చూసి రెండో టీచరు కొన్నాడు. ఆయన్ను చూసి పోస్టాఫీసు ఆయన. మూడేళ్లు తిరిగేసరికి ఆ బస్సులో మిగిలింది నర్సమ్మ, కొందరు ఆడపిల్లలు, పెన్షను ముసలివాళ్లు, సంతకు కూరగాయలు తీసుకుపోయే అమ్మలు. తర్వాత ఒకనాడు ఎనిమిది గంటల ట్రిప్పు ఆగిపోయింది. ఆపినవారిని నేను తప్పు పట్టను. ఎంతమంది ఎక్కారు, డీజిలుకు ఎంత పోయింది అని లెక్క చూసుకొంటారు కదా. ఆ లెక్కలో నా టికెట్టు లేదు.

ఆ రోజుల్లోనే మా వీధి అవ్వ ఒకామె రోడ్డు పక్కన రాతిమీద కూర్చొని ఉంటే బండి ఆపి పలకరించాను.

“ఏమవ్వా, యాడికి?”

“ఆదోనికప్పా. కన్ను చూపించుకోవల్ల. ఎనిమిది గంటల బస్సు ఇంగా రాలేదే?”

“అది ఇంక రాదవ్వా. ఆపేసినారు.”

అవ్వ కాసేపు రోడ్డు వంక చూసింది. తర్వాత నవ్వి అన్నది: “నువ్వు బస్సెక్కేది మానితివి సారూ. బస్సు మనూరికి వచ్చేది మానె.”

ఆమె నన్ను నిందించాలని అనలేదు. ఆకాశంలో మబ్బు పోయింది, వాన పోయింది అన్నట్టు అన్నది. అయినా ఆ మాట నాకు సూది మాదిరి గుచ్చుకొన్నది. బండి మీద ఎక్కించుకొని ఆదోని దాకా దిగబెట్టాను. వెనక కూర్చొని భయంతో నా చొక్కా పట్టుకొన్న ఆ చేతులు ఇప్పటికీ గుర్తే. ఒకరోజు దిగబెట్టి ఏం లాభం? మర్నాడు ఆమె ఎట్లా పోవాలి?

ఈ విషయాన్ని లోతుగా ఆలోచించినవారు ఉన్నారు. జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఆల్బర్ట్ హిర్ష్‌మన్ అనే ఆర్థికశాస్త్రవేత్త 1970లో ‘ఎగ్జిట్, వాయిస్ అండ్ లాయల్టీ’ అనే చిన్న పుస్తకం రాశారు. ఆయనను ఆ ఆలోచనకు పురికొల్పింది ఆఫ్రికాలోని నైజీరియా రైళ్లు. లారీలు పోటీకి వస్తే రైళ్లు బాగుపడాలి కదా, మరి ఎందుకు బాగుపడలేదు అని ఆయన ప్రశ్న. ఆయనకు తోచిన సమాధానం ఇది: రైలు బాగోలేదని గట్టిగా అడగగలిగినవాళ్లే ముందుగా లారీల వైపు వెళ్లిపోయారు. మిగిలినవాళ్లకు అడిగే గొంతు లేదు. అడిగేవాళ్లు లేకపోతే బాగుచేసేవాళ్లూ ఉండరు. మా ఎనిమిది గంటల బస్సు కథ అచ్చంగా ఇదే. ఆ కాగితం మీద సంతకాలు పెట్టిన మేమే దిగిపోయాము. సంతకం పెట్టలేని అవ్వ మిగిలిపోయింది.

ఆలోచిస్తే ఇది ఒక్క బస్సు కథే కాదు. సర్కారు బడి, సర్కారు ఆసుపత్రి, ఊరి కొళాయి, అన్నిటిదీ ఇదే వరస. కొంచెం ఉన్నవాడు సొంత ఏర్పాటు చేసుకొంటాడు, అందరి ఏర్పాటు చెడిపోతుంది, చెడిపోయిందని ఇంకొకడు బయటికి వస్తాడు. ఎవరూ ఎవరికీ అన్యాయం చేయలేదు. ప్రతివాడూ తన కుటుంబానికి మంచే చేసుకొన్నాడు. అయినా చివరికి ఒక అవ్వ రాతిమీద కూర్చొని రాని బస్సు కోసం చూస్తున్నది. పాపసంకీర్తనంలో చెప్పుకొనే పాపాల పట్టికలో ఇది ఎక్కడ వస్తుందో నాకు తెలియదు. గురువులు చెప్పాలి.

ఇప్పుడు ఆ కొత్త కారు తిరిగి పోయే పట్టణానికి పోదాం. మన పిల్లలు ఎందరో అక్కడే ఉన్నారు కాబట్టి అది పరాయి ఊరేమీ కాదు. నిజాం కాలంలో 1932లో 27 బస్సులతో మొదలైన ప్రభుత్వ రవాణా, 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థగా రూపుదిద్దుకొంది. 1999లో ప్రపంచంలోకెల్లా ఎక్కువ బస్సులున్న సంస్థగా గిన్నిస్ పుస్తకానికెక్కింది. పేదవాడి చేతిలో ఉన్న గొప్ప ఆస్తి అది. హైదరాబాదుకు 2003లో ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు వచ్చాయి, 2017 నవంబరులో మెట్రో వచ్చింది. అయినా ఆ నగరంలో ఉదయం తొమ్మిదింటికి రోడ్డు మీదకు పోయి చూడండి. కారు వెనుక కారు. ఒక్కొక్క కారులో ఒక్కొక్క మనిషి. నలుగురి జాగాలో ఒక్కరు కూర్చొని, మరో మూడువందల మంది ఒక్కొక్కరిని తిట్టుకొంటూ ఉంటారు. ఒక బస్సులో యాభై మంది పడతారు. అదే యాభై మంది కార్లలో పోతే, కారుకు సగటున ఒకరో ఇద్దరో అనుకొన్నా, ముప్పైకి పైగా కార్లు కావాలి. వాటిని వరుసగా నిలబెడితే రెండువందల మీటర్లు. బస్సు పన్నెండు మీటర్లు. రోడ్డు చాలడం లేదని వంతెన కడతాం, వంతెన నిండాక దాని మీద ఇంకో వంతెన.

ఇంతా చేసి మనిషి త్వరగా పోతున్నాడా? ఇవాన్ ఇలిచ్ అని ఒక విచిత్రమైన పండితుడు ఉండేవారు. వియన్నాలో పుట్టిన కతోలిక గురువు. న్యూయార్కులో పేద పోర్టోరికో వలసవారి మధ్య సేవ చేసి, 1969లో గురుత్వ సేవ నుంచి వైదొలగారు. 1974లో ఆయన రాసిన ‘ఎనర్జీ అండ్ ఈక్విటీ’ అనే చిన్న పుస్తకంలో ఒక లెక్క ఉంది. సగటు అమెరికా పురుషుడు ఏడాదికి 1,600 గంటలు కారుకే ధారపోస్తున్నాడని ఆయన లెక్కగట్టారు. నడిపే గంటలు మాత్రమే కాదు, ఆ కారు వాయిదాలు, పెట్రోలు, బీమా, పన్నులు కట్టడానికి పనిచేసే గంటలు కూడా కలిపి. అన్ని గంటల్లో అతడు పోయేది 7,500 మైళ్లు, అంటే 12,000 కిలోమీటర్లు. భాగిస్తే గంటకు ఏడున్నర కిలోమీటర్లు. సైకిలు దీనికన్నా వేగంగా పోతుంది.

ఈ లెక్క మన పిల్లలకు వేసి చూశాను. అంకెలు నేను ఊహించుకొన్నవి. మీ ఇంటి అంకెలు మీరు వేసుకోండి. నెలకు అరవై వేలు జీతం, రెండువందల గంటల పని. అంటే గంటకు మూడువందలు. కారు వాయిదా పన్నెండు వేలు, పెట్రోలు ఆరువేలు, బీమా, సర్వీసింగు, పార్కింగు, జరిమానాలు కలిపి రెండువేలు. మొత్తం ఇరవై వేలు. అంటే నెలకు దాదాపు 67 గంటలు అతడు కారు కోసమే పనిచేస్తున్నాడు. నెలకు 800 కిలోమీటర్లు తిరుగుతాడనుకొందాం. నగరంలో గంటకు ఇరవై కిలోమీటర్ల వేగమైతే స్టీరింగు దగ్గర 40 గంటలు. రెండూ కలిపి 107 గంటలు. 800ను 107తో భాగించండి. మళ్లీ ఏడున్నరే వచ్చింది! నేను కావాలని చేసింది కాదు. రెండుసార్లు కూడి చూశాను. బస్సు గంటకు పదిహేను కిలోమీటర్లే నడిచినా, పాసుకు ఐదారు గంటల సంపాదన కలిపినా, గంటకు పదమూడు దాకా వస్తుంది. మా కాలపు మూడో తరగతి లెక్కల పుస్తకంలో ఇటువంటి లెక్క ఒకటి పెట్టి ఉంటే బాగుండేది.

లెక్కలతో మనిషి మారడని నాకు తెలుసు. కారు కొనేది కిలోమీటర్ల కోసం కాదు. “ఇంకా బస్సులోనే తిరుగుతున్నావా?” అనే మాట పడలేక. పెండ్లి సంబంధాల్లో అబ్బాయికి ఏమిస్తారు అన్న ప్రశ్నకు బంగారం తర్వాతి జవాబు కారే అయిపోయింది. మన కతోలిక కుటుంబాల్లో కూడా. కట్నం గురించి గుడిలో ప్రసంగాలు విని వచ్చి, దాన్నే బండి రూపంలో గుడి ముందు నిలబెట్టి ఆశీర్వదించమని అడుగుతున్నాము. ఈ మాట కొందరికి కష్టంగా ఉండవచ్చు. క్షమించాలి.

రోడ్డు మీద చనిపోయేది ఎవరో కూడా చూడాలి. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో నూటికి 44 మంది మోటారు సైకిళ్ల మీదివారు, 19 మంది నడిచిపోయేవారు. అంటే మూడింట రెండు వంతులకు దగ్గరగా, చుట్టూ ఇనుము లేని మనుషులు. పోయే బండి ఎంత పెద్దదైతే లోపలివాడు అంత భద్రం, బయటివాడికి అంత ప్రమాదం. నా పిల్లల భద్రత కోసం పెద్ద కారు కొన్నానంటే, ఆ భద్రతలో కొంత పక్కవాడి పిల్లల దగ్గరనుంచి తీసుకొన్నట్టే. యెరికో దారిలో పడి ఉన్న మనిషిని చూసి తప్పుకొనిపోయిన ఇద్దరి కథ మనకు తెలుసు. వాళ్లు నడిచిపోతున్నారు కాబట్టి కనీసం చూశారు. అద్దాలెత్తి, ఏ.సి. వేసుకొని, ఎనభై వేగంతో పోయేవాడు చూడనే చూడడు. తప్పుకొనిపోయానన్న సంగతి కూడా అతనికి తెలియదు.

దీనికి ఎదురు వాదనలు ఉన్నాయి, బలమైనవే. ఈ వ్యాసం రాయకముందు నా కొడుకుతో వాదించి ఓడిపోయాను. వాడన్నాడు: “నాయనా, అమ్మకు రాత్రి రెండింటికి ఆయాసం వస్తే నీ పల్లెవెలుగు బస్సు వస్తుందా? ఆడపిల్ల రాత్రిపూట డ్యూటీ దిగి బస్టాపులో నిలబడాల్నా? నువ్వు రిటైరైనావు, నీకు తొందర లేదు. వేళకు పోకపోతే నా జీతం కోస్తారు.” ఇందులో ఒక్కటీ అబద్ధం కాదు. 108 అంబులెన్సు 2005లో వచ్చాక చాలా ప్రాణాలు నిలిచినా, అది వచ్చేలోగా గడిచే నిమిషాలు ఎంత పొడుగో అనుభవించినవారికే తెలుసు. వికలాంగులున్న ఇల్లు, కదలలేని ముసలివాళ్లున్న ఇల్లు, పది ఊళ్లు చూసుకొనే విచారణ గురువు, వీరికి బండి అవసరం. అవసరాన్ని నేను ప్రశ్నించడం లేదు. అవసరం కోసం కొన్న బండి, కొన్న మర్నాటి నుంచీ అవసరం లేని చోటికి కూడా మనల్ని తీసుకుపోతుంది. అదే నా బాధ. కిలోమీటరు దూరంలో ఉన్న గుడికి, వీధి చివరి కొట్టుకు కూడా బండి తీస్తాం. రాత్రి రెండు గంటల ఆయాసం పేరు చెప్పి పగలు పదింటికి షికారు.

బస్సు బాగోలేదన్న వాదనకు నా దగ్గర ఒకటే జవాబుంది, అది పైన చెప్పాను. మనం అందులో లేము కాబట్టి బాగోలేదు.

కీర్తిశేషులైన ఫ్రాన్సిస్ పాపు గారు 2015లో విడుదల చేసిన ‘లౌదాతో సీ’ విశ్వలేఖను మనం ఎక్కువగా చెట్లు నాటే లేఖగానే చదివాము. అందులో 153వ పేరా రవాణా గురించి ఉంది. నగరాల్లో ఒకరిద్దరి కోసం తిరిగే కార్లు గాలిని చెడగొట్టి, రోడ్లను, పార్కింగు జాగాలను మింగుతున్నాయనీ, అందరి రవాణాకు ముందు స్థానం ఇవ్వాలనీ అక్కడ చెప్పారు. అంతటితో ఆగలేదు. కిక్కిరిసిన, వేళకు రాని, భద్రత లేని బస్సుల్లో మనుషులను కుక్కడం వారి గౌరవానికి భంగమని కూడా చెప్పారు. అంటే పేదవాడిని బస్సులోనే ఉండమని చెప్పి ఊరుకోకూడదు. ఆయన బోనస్ ఐరిస్ అగ్రపీఠాధిపతిగా ఉన్నప్పుడు బస్సుల్లో, భూగర్భ రైళ్లలో తిరిగిన మనిషి కాబట్టి ఆ కిక్కిరిసిన సంగతి ఆయనకు పుస్తకాల్లో తెలిసింది కాదు. పాపు అయిన ఏడాదే, 2013 జులైలో, యువ మఠవాసులతో మాట్లాడుతూ గురువులు, కన్యస్త్రీలు సరికొత్త మోడలు కార్లలో తిరగడం చూస్తే తనకు బాధ కలుగుతుందని అన్నారు. కారు తప్పనిసరైన పనులున్నాయని ఒప్పుకొంటూనే, కాస్త సాదా బండి చాలునన్నారు.

మన రాష్ట్రంలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో టికెట్టు లేదు. కర్ణాటకలో 2023 జూన్‌లో, తెలంగాణలో అదే ఏడాది డిసెంబరులో మొదలైన ఏర్పాటే ఇది. హద్దు దాటి రాయచూరు పోయే బస్సుకు మాత్రం వర్తించదు. సరిహద్దున ఉన్న మనకు అదొక వెలితి. ఆడవాళ్లతో సీట్లన్నీ నిండిపోయాయని మగవాళ్లు సణుగుతుంటే విన్నాను. నిండనివ్వండి. ఎన్నో ఏళ్ల తర్వాత బస్సుల్లో జనం పెరిగారు. అయితే ఆటోవాళ్ల కడుపు కొట్టినట్టయింది, అదీ నిజం. 2025 అక్టోబరులో ప్రభుత్వం ఆటో డ్రైవర్లకు ఏడాదికి 15,000 రూపాయల సాయం మొదలుపెట్టింది. అది ఇంటిల్లిపాదికీ చాలుతుందని ఎవరూ అనుకోరు. బస్సు రాని ఊరి నుంచి బస్సు దారి దాకా జనాన్ని చేర్చే పని ఆటోలదైతే ఇద్దరూ బతుకుతారని నాకనిపిస్తుంది. ఇది పెద్దలు ఆలోచించాల్సిన సంగతి.

మనం ఏం చేయగలం? పెద్ద పెద్ద నగరాలే చిన్న పనితో మొదలుపెట్టాయి. 1973లో పెట్రోలు కరువొచ్చినప్పుడు హాలండు దేశంలో ఆదివారాలు కార్లు తీయకూడదన్నారు. ఖాళీ అయిన రోడ్ల మీద పిల్లలు ఆడుకొన్నారు. బండ్ల కింద పడి పిల్లలు చచ్చిపోవడం ఆపండని అదే రోజుల్లో అక్కడి తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చారు. ఈనాడు ఆ దేశం సైకిళ్లకు పేరుపొందింది. దక్షిణ అమెరికాలోని బొగోతా నగరంలో 1974 నుంచి ఆదివారం ఉదయాలు పెద్ద రోడ్లను కార్లకు మూసి, నడిచేవారికీ సైకిళ్లకూ వదులుతున్నారు. మన ఆదివారం సంగతి చూడండి. మా గుడి ముందు ఇప్పుడు బండ్లు నిలపడానికి జాగా కోసం మాట మాట అనుకొనే పరిస్థితి వచ్చింది. గుణదల మాత ఉత్సవానికి ఫిబ్రవరిలో పోయేటప్పుడు ఒకప్పుడు విచారణ అంతా కలిసి రైల్లోనో బస్సులోనో పోయేది. దారిపొడుగునా జపమాల, పాటలు, ఒకరి సద్దిమూట ఇంకొకరు విప్పుకోవడం. ఈమధ్య కార్లున్న పది కుటుంబాలు పది కార్లలో పోయి వచ్చాయి. కారు లేనివాళ్లు ఆ ఏడు పోలేదు, ఎవరూ అడగనూ లేదు.

అపోస్తలుల కార్యములు ఎనిమిదో అధ్యాయంలో ఒక రథం ఉంది. ఇతియోపియా రాణి ఖజానా అధికారి దానిలో కూర్చొని పోతుంటాడు, ఫిలిప్పు పక్కన పరుగెత్తి వచ్చి పలకరిస్తాడు. అధికారి రథం దిగిపోలేదు, తోలుకొని వెళ్లిపోనూ లేదు. ఎక్కి నా పక్కన కూర్చోమన్నాడు. అక్కడినుంచే అతడి కథ మారింది. ఆదివారం గుడికి పోయే కారులో ఖాళీగా ఉన్న మూడు సీట్ల గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఈ రథం గుర్తొస్తుంది.

ఆ కొత్త కారు కుర్రవాడికి ఇవన్నీ చెప్పానా? చెప్పలేదు. వాడు మర్నాడు తెల్లవారుజామున పోతూ మా ఇంటి ముందు ఆపి, “సార్, ఆదోని దాకా వస్తారా?” అని అడిగాడు. ఎక్కాను. దారిలో మాటల మధ్య, హైదరాబాదులో తన గది నుంచి మెట్రో స్టేషను పది నిమిషాల నడకేనని వాడే చెప్పాడు. “మరి?” అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. “ఆఫీసులో అందరూ కార్లలో వస్తారు సార్” అన్నాడు. అంతటితో వదిలేశాను. సంతోషంగా ఉన్న పిల్లవాణ్ణి ఆదోని దాకా సాధించడం నాకు నచ్చలేదు. ఈ వ్యాసం వాళ్ల నాన్న చదివి వాడికి వినిపిస్తాడేమో.

నా మట్టుకు నేను, ఆదోనిలో పనున్న రోజు బండి తీయడం మానుకొన్నాను. ఎనిమిది గంటల బస్సు లేదు, పది గంటలది ఉంది. మొదటిరోజు స్టాపులో నన్ను చూసి ఆ అవ్వ ఆశ్చర్యపోయింది.

“ఏం సారూ, బండి ఏమాయ? అమ్మేస్తివా?”

“లేదవ్వా, ఇంట్లో ఉంది.”

బస్సు వచ్చింది. కూర్చున్న తర్వాత చూస్తే అవ్వ చేతిసంచితో నా సీటు దగ్గర నిలబడి ఉంది.

“అట్లయితే కొంచెం జరుగప్పా” అన్నది.